కంపెనీ దివాలా, హామీదారు దివాలా, ఐపీ: భారత చట్టంలో అప్పు తీర్చలేనివారికి ఉన్న వేర్వేరు దారులు

ఒక విమానయాన సంస్థ దివాలా తీసిందన్న వార్తనూ, ఫలానా వ్యాపారి ఐపీ పెట్టాడన్న మాటనూ మనం దాదాపు ఒకే అర్థంలో తీసుకుంటాం. రెండు చోట్లా అప్పులు తీర్చలేని స్థితి ఉన్నమాట నిజమే గానీ, చట్టం దృష్టిలో అవి పూర్తిగా వేర్వేరు వ్యవహారాలు. మొదటిది 2016 నాటి దివాలా స్మృతి, అంటే ఐబీసీ కింద నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్ ముందుకు వెళ్తుంది. రెండోది బ్రిటిష్ పాలనలో 1920లో చేసిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద సివిల్ కోర్టులో దాఖలవుతుంది. కోర్టులు వేరు, గడువులు వేరు, చివరికి అప్పుపడ్డవాడికి మిగిలేదీ వేరు. ఏ దారిలో వెళ్లాలన్నది అప్పు ఎంత పెద్దదన్నదాని మీద కన్నా, ఆ అప్పు ఎవరి పేరున ఉంది, దాని కింద ఇంకెవరు సంతకం చేశారు అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క విషయం తేటపడితే మిగతా చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందుగా చూడాల్సింది వ్యాపారానికీ వ్యాపారికీ మధ్య చట్టం గీసే గీతను. ప్రైవేట్ లిమిటెడ్ అయినా పబ్లిక్ లిమిటెడ్ అయినా కంపెనీ అనేది చట్టం కంటికి తనంతట తానే ఒక వ్యక్తి. ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ కూడా అంతే. అది చేసిన అప్పు దానిదే, దాని ఆస్తి దానిదే. అది మునిగితే వాటాదారు పెట్టిన పెట్టుబడి పోతుంది తప్ప అతని ఇల్లు పోదు. సొంతంగా నడుపుకునే ప్రొప్రైటర్‌షిప్‌లో ఆ గీత లేదు. బోర్డు మీద ఏ పేరు రాసినా, బ్యాంకులో కరెంట్ ఖాతా విడిగా ఉన్నా, ఆ వ్యాపారం చేసిన అప్పు యజమాని సొంత అప్పే అవుతుంది. దాని కోసం అతని ఇంటినీ పొలాన్నీ కూడా జప్తు చేయించవచ్చు. భాగస్వామ్య సంస్థలో పరిస్థితి ఇంకా కఠినం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ బాకీ మొత్తానికి భాగస్వాములంతా ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. పది శాతం వాటా ఉన్నవాడి దగ్గర ఆస్తి కనిపిస్తే అప్పులవాడు, అంటే అప్పు ఇచ్చినవాడు, నూరు శాతం బాకీని అతని నుంచే రాబట్టుకోవచ్చు. ఆ తర్వాత మిగతా భాగస్వాముల నుంచి తన సొమ్ము వసూలు చేసుకోవడం అతని తంటా.

దేశంలో ఐబీసీ పూర్తి బలంతో పనిచేస్తున్నది ఈ గీతకు అవతల ఉన్న కంపెనీలకూ, ఎల్‌ఎల్‌పీలకూ మాత్రమే. ఇవతల ఉన్న కోట్లాది చిన్న వ్యాపారులకూ, జీతగాళ్లకూ, రైతులకూ వర్తించాల్సిన భాగం పార్లమెంటు ఆమోదం పొందినా, అందులో ఒక్క ముక్క తప్ప మిగిలినది అమలుకు నోచుకోలేదు. ఆ ముక్క గురించి తర్వాత చెప్పుకుందాం.

కంపెనీ దారి: ముందు పరిష్కారం, తర్వాతే లిక్విడేషన్

2016కు ముందు ఖాయిలాపడిన కంపెనీల వ్యవహారం ఒక్కచోట ఉండేది కాదు. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద ఏర్పడిన బీఐఎఫ్‌ఆర్ అనే పునర్నిర్మాణ బోర్డు ఒకవైపు, కంపెనీల మూసివేతను చూసే హైకోర్టులు మరోవైపు, బ్యాంకుల వసూళ్ల కోసం పెట్టిన డెట్ రికవరీ ట్రైబ్యునళ్లు ఇంకోవైపు ఉండేవి. బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కిన కంపెనీకి వసూళ్ల నుంచి రక్షణ దొరికేది, యాజమాన్యం మాత్రం పాత చేతుల్లోనే ఉండిపోయేది. ఏళ్ల తరబడి యంత్రాలు తుప్పుపట్టాక అమ్మడానికి స్థలం తప్ప ఏమీ మిగిలేది కాదు. టి.కె. విశ్వనాథన్ నేతృత్వంలోని సంస్కరణల కమిటీ 2015 నవంబరులో నివేదిక ఇవ్వగా, 2016 మే 28న ఐబీసీకి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి కంపెనీలకు సంబంధించిన పరిష్కార ప్రక్రియ మొదలైంది.

కొత్త చట్టం తెచ్చిన మౌలికమైన మార్పు ఏమిటంటే, కంపెనీ బాకీ ఎగవేసిన మరుక్షణం దాని మీద నిర్ణయాధికారం యజమానుల నుంచి అప్పు ఇచ్చినవారికి మారడానికి దారి తెరిచింది. ప్రక్రియను మూడు రకాలవారు మొదలుపెట్టవచ్చు. అప్పు ఇచ్చిన బ్యాంకు వంటి ఆర్థిక రుణదాత 7వ సెక్షన్ కింద వస్తాడు. సరుకు అమ్మో, సేవ చేసో డబ్బు రాని సరఫరాదారు 9వ సెక్షన్ కింద వస్తాడు. అయితే అతను ముందుగా డిమాండ్ నోటీసు ఇచ్చి 10 రోజులు ఆగాలి. ఆ బాకీ మీద అప్పటికే నిజమైన తగాదా ఉందని కంపెనీ చూపగలిగితే దరఖాస్తు నిలవదని 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక 10వ సెక్షన్ కింద కంపెనీ తనంతట తానే రావచ్చు. 2023 మేలో గో ఫస్ట్ విమానయాన సంస్థ వచ్చింది ఇలాగే. బాకీ కనీస మొత్తం మొదట లక్ష రూపాయలుగా ఉండేది. 2020 మార్చి 24న దాన్ని కోటి రూపాయలకు పెంచారు. లక్షల్లో బాకీ ఉన్న చిన్న సరఫరాదారు చేతిలోని ఆయుధం ఆ ఒక్క నోటిఫికేషన్‌తో పోయింది. చిన్న బాకీకి పెద్ద కంపెనీని ట్రైబ్యునల్‌కు లాగే బెదిరింపులు దాంతో తగ్గి ఉండవచ్చు గానీ, ఆ సరఫరాదారు మళ్లీ సివిల్ దావాకే పరిమితమయ్యాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దరఖాస్తును ట్రైబ్యునల్ స్వీకరించిన రోజు కంపెనీ జీవితంలో చాలా మార్పులు ఒక్కసారిగా వస్తాయి. 14వ సెక్షన్ కింద మారటోరియం అమల్లోకి వస్తుంది. అంటే కంపెనీ మీద దావాలు, జప్తులు, తాకట్టు ఆస్తుల స్వాధీనాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. డైరెక్టర్ల బోర్డు అధికారాలు నిలిచిపోయి, రిజల్యూషన్ ప్రొఫెషనల్ అనే నిపుణుడి చేతికి పగ్గాలు వెళ్తాయి. అతను అప్పులవాళ్ల క్లెయిములు తీసుకుని, ఆర్థిక రుణదాతలతో కమిటీ ఏర్పాటు చేస్తాడు. ఇళ్ల కోసం బిల్డరుకు డబ్బు కట్టి మోసపోయిన కొనుగోలుదారులను కూడా 2018 సవరణ ఆర్థిక రుణదాతలుగా గుర్తించింది. సరఫరాదారులకు మాత్రం ఈ కమిటీలో సాధారణంగా ఓటు లేదు. నా దృష్టిలో ఈ చట్టంలోని పెద్ద అసమానత ఇదే. కంపెనీకి ఇనుము పోసినవాడూ, లారీలు నడిపినవాడూ తమ బాకీ భవితవ్యాన్ని నిర్ణయించే గది బయట నిలబడాల్సి ఉంటుంది. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది.

ఇక్కడ చాలామంది డైరెక్టర్లు పొరబడే విషయం ఒకటుంది. మారటోరియం రక్షణ కంపెనీకే. చెల్లని చెక్కుల కేసులు కంపెనీ మీద ఆగిపోయినా, ఆ చెక్కుల మీద సంతకం చేసిన డైరెక్టర్ల మీద కొనసాగుతాయని 2021 మార్చిలో మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ తర్వాత కంపెనీని ఎవరు తీసుకుంటారో చెప్పమని ప్రకటన ఇస్తారు. ముందుకొచ్చినవారు అప్పులవాళ్లకు ఎంత, ఎప్పుడు ఇస్తారో, కంపెనీని ఎలా నడుపుతారో రాసి రిజల్యూషన్ ప్లాన్ సమర్పిస్తారు. కమిటీలో బాకీ విలువ ప్రకారం 66 శాతం ఓట్లు పడితే అది గెలుస్తుంది. ఈ పరిమితి 2018 వరకు 75 శాతంగా ఉండేది. ట్రైబ్యునల్ ఆమోదం పొందిన ప్లాన్ అందరినీ కట్టిపడేస్తుంది, వ్యతిరేకంగా ఓటేసిన బ్యాంకును కూడా. అంతేకాదు, ప్లాన్‌లో చోటు దక్కని పాత క్లెయిములు, ప్రభుత్వ బాకీలతో సహా, చెల్లకుండా పోతాయని 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసు తీర్పు చెబుతోంది. కొత్త యజమాని పాత పాపాల మూట మోయనక్కర్లేదన్నమాట. అదే సమయంలో, ఎగవేసిన పాత ప్రమోటరు తన కంపెనీనే కారుచౌకగా తిరిగి కొనుక్కోకుండా 29ఏ సెక్షన్ అడ్డుకుంటుంది. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఈ విషయంలో కొంత సడలింపు ఉంది, ఎందుకంటే వాటిని కొనడానికి ప్రమోటరు తప్ప వేరొకరు ముందుకు రావడం అరుదు.

ఈ ప్రక్రియలో ఐబీసీ కింద పరిష్కారం పొందిన మొట్టమొదటి కంపెనీ విశాఖపట్నానికి చెందిన సినర్జీస్ డూరే ఆటోమోటివ్. కార్ల అల్లాయ్ చక్రాలు తయారుచేసే ఈ సంస్థ ప్లాన్‌ను హైదరాబాద్ ట్రైబ్యునల్ 2017 ఆగస్టులో ఆమోదించింది. రుణదాతల మొత్తం క్లెయిముల్లో వారికి దక్కింది 6 శాతం వరకు మాత్రమే. దానికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ ఎస్సార్ స్టీల్. ఆర్థిక రుణదాతల దాదాపు 49 వేల కోట్ల రూపాయల బాకీకి ఆర్సెలార్ మిట్టల్ సుమారు 42 వేల కోట్లు చెల్లించి ఆ ఉక్కు కర్మాగారాన్ని తీసుకుంది. అప్పులవాళ్లు వదులుకునే మొత్తాన్ని వ్యాపార భాషలో హెయిర్‌కట్ అంటారు. రెండు కేసుల్లో హెయిర్‌కట్ అంత వేరుగా ఉండడానికి ప్రధాన కారణం చట్టంలో లేదు. ట్రైబ్యునల్ తలుపు తట్టేనాటికి కంపెనీలో ఎంత ప్రాణం మిగిలి ఉందన్నదే కారణం. అన్నట్టు, ఎస్సార్ కేసు 2017 ఆగస్టులో మొదలై 2019 చివరిదాకా సాగింది. చట్టం పెట్టిన గడువు 180 రోజులు, అవసరమైతే మరో 90 రోజులు, వ్యాజ్యాల కాలం కలుపుకొని గరిష్ఠంగా 330 రోజులు. ఈ గడువును దాటేసిన కేసులే ఎక్కువగా కనిపిస్తాయి.

ప్లాన్ రాకపోతే, వచ్చినా కమిటీ ఒప్పుకోకపోతే, లేదా ఒప్పుకున్న ప్లాన్ అమలు కాకపోతే మిగిలేది లిక్విడేషన్, అంటే కంపెనీ ఆస్తులను అమ్మి పంచిపెట్టి దాని పేరు కొట్టేయడం. 2017లో ఐబీసీ దారిలో పంపమని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు సూచించిన తొలి 12 భారీ ఎగవేత ఖాతాల్లో ఒకటైన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను లిక్విడేట్ చేయాలని హైదరాబాద్ ట్రైబ్యునల్ 2018 ఆగస్టులో ఆదేశించింది. జెట్ ఎయిర్‌వేస్‌కు ప్లాన్ దొరికినా, గెలిచినవారు షరతుల ప్రకారం డబ్బు పెట్టకపోవడంతో 2024 నవంబరులో సుప్రీంకోర్టే లిక్విడేషన్‌కు ఆదేశించింది.

లిక్విడేషన్‌లో ఎవరికి ముందు అన్నది 53వ సెక్షన్ వరుసగా రాసిపెట్టింది. దాన్ని అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. ఊహకు ఒక కంపెనీని తీసుకుందాం. దాని ఆస్తులన్నీ అమ్మగా 6 కోట్లు వచ్చాయి. ప్రక్రియ ఖర్చులు 50 లక్షలు మొదట పక్కకు పోతాయి. మిగిలిన ఐదున్నర కోట్లు తర్వాతి మెట్టు మీద ఉన్న ఇద్దరికి సమాన నిష్పత్తిలో పంచాలి: కార్మికులకు చివరి 24 నెలల బకాయిలు, తాకట్టు హక్కును వదులుకుని ఉమ్మడి రాశిలో చేరిన బ్యాంకు బాకీ. కార్మికుల బకాయి కోటి, బ్యాంకు బాకీ 10 కోట్లు అనుకుంటే, మొత్తం 11 కోట్లకు ఐదున్నర కోట్లు, అంటే రూపాయికి అర్ధరూపాయి. కార్మికులకు 50 లక్షలు, బ్యాంకుకు 5 కోట్లు. అంతటితో డబ్బు అయిపోయింది. కింది మెట్ల మీద ఉన్న ఆఫీసు ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేకుండా అప్పు ఇచ్చినవారు, ప్రభుత్వ పన్నులు, సరఫరాదారులు, ఆ కిందనున్న ప్రిఫరెన్స్ వాటాదారులు, అట్టడుగున ఉన్న ఈక్విటీ వాటాదారులు, వీరెవరికీ పైసా రాదు. ఉద్యోగులకు కాస్త ఊరట ఏమిటంటే, ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ ఫండ్, గ్రాట్యుటీ ఫండ్‌లలో వారికి రావాల్సిన సొమ్ము అసలు ఈ పంపకపు రాశిలోకే రాదు.

ఈ ప్రధాన దారికి పక్కదారులు కొన్ని ఉన్నాయి. చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం 2021 ఏప్రిల్‌లో ప్రీప్యాక్ పద్ధతి వచ్చింది. బాకీ 10 లక్షలు దాటితే చాలు, యజమాని పగ్గాలు వదలకుండానే అప్పులవాళ్లతో ముందుగా మాట్లాడుకుని 120 రోజుల్లో ముగించుకోవచ్చు. బ్యాంకేతర ఆర్థిక సంస్థలను ట్రైబ్యునల్‌కు తీసుకెళ్లే అధికారం రిజర్వ్ బ్యాంకు వంటి నియంత్రణ సంస్థలకే ఉంది. 2019 చివరలో డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే గృహరుణ సంస్థతో అది మొదలైంది. బాకీలన్నీ తీర్చగలిగిన స్థితిలోనే వ్యాపారం ముగించుకునే కంపెనీకి 59వ సెక్షన్ కింద స్వచ్ఛంద లిక్విడేషన్ ఉంది, కానీ దాన్ని దివాలా అనడం సరికాదు.

హామీదారు దారి: గీతను చెరిపేసే సంతకం

కంపెనీకీ యజమానికీ మధ్య గీత ఉందని పైన చెప్పుకున్నాం. ఆచరణలో ఆ గీతను బ్యాంకులు మొదటి రోజే చెరిపేస్తాయి. కంపెనీకి అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల చేత, చాలాసార్లు వారి భార్యల చేత, తండ్రుల చేత కూడా వ్యక్తిగత హామీ పత్రాల మీద సంతకాలు చేయించుకుంటాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పత్రంలో వేరే రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సరిసమానం. ముందు కంపెనీని అడిగి, అక్కడ రాకపోతేనే హామీదారు దగ్గరకు రావాలన్న నియమం లేదు. ‘ఊరికే ఒక షూరిటీ సంతకమే కదా’ అన్న మాట వెనుక ఉన్న అసలు బరువు ఇది.

ఐబీసీ మూడో భాగంలో వ్యక్తుల కోసం రాసిన నిబంధనల్లో 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ముక్క సరిగ్గా ఇదే. అది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే వర్తిస్తుంది. దీన్ని సవాలు చేస్తూ వెళ్లిన ప్రమోటర్ల వాదనను 2021 మేలో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కంపెనీ అప్పు ప్లాన్ ద్వారా పరిష్కారమైనంత మాత్రాన హామీదారు దానంతట అదే విముక్తుడు కాడని ఆ తీర్పు సారాంశం. పై ఉదాహరణలో బ్యాంకుకు 10 కోట్లకు 5 కోట్లు వచ్చాయి గదా. మిగిలిన 5 కోట్ల కోసం అది తిరిగేది హామీదారు వైపే. పత్రికల్లో కంపెనీ కథ ముగిశాక ఒక కుటుంబం కథ మొదలవుతుందనడం అతిశయోక్తి కాదు.

ఈ దారిలో హామీదారు 94వ సెక్షన్ కింద తనంతట తాను, లేదా రుణదాత 95వ సెక్షన్ కింద దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు పడిన రోజు నుంచే తాత్కాలిక మారటోరియం మొదలవుతుంది. కంపెనీ కేసులోలాగా స్వీకరించేదాకా ఆగనక్కర్లేదు. ఈ సౌకర్యాన్ని ఆస్తి వేలానికి ముందురోజు దరఖాస్తు వేసి వాయిదా సాధించడానికి వాడుకోవచ్చన్నది బ్యాంకుల ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. రిజల్యూషన్ ప్రొఫెషనల్ పత్రాలు పరిశీలించి నివేదిక ఇస్తాడు. ఆ దశలో హామీదారు వాదన ట్రైబ్యునల్ వినకపోవడం అన్యాయమన్న అభ్యంతరం మీద సుప్రీంకోర్టు 2023 నవంబరులో దిలీప్ జీవరాజ్కా కేసులో తీర్పునిస్తూ, నివేదిక సిఫారసు మాత్రమేననీ, అసలు విచారణ ఆ తర్వాత ఉంటుందనీ చెప్పి నిబంధనలను సమర్థించింది. దరఖాస్తును స్వీకరిస్తే 180 రోజుల మారటోరియం ఉంటుంది. ఆ లోపు హామీదారు తిరిగి చెల్లింపు ప్రణాళిక రాసివ్వాలి, దానికి బాకీ విలువలో నాలుగింట మూడొంతులకు మించిన రుణదాతలు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అసలైన దివాలా ప్రక్రియ మొదలై, ట్రస్టీ ఆస్తులు స్వాధీనం చేసుకుని అమ్ముతాడు. వృత్తి పనిముట్లు, ఇంట్లో అవసరమైన సామాను, తాకట్టులో లేని, నిర్ణీత విలువకు లోబడిన ఒక నివాస గృహం వంటివి ఇందులోంచి మినహాయింపు. దివాలా ఉత్తర్వు నాటి నుంచి ఏడాది గడిచాక విముక్తి ఉత్తర్వు కోరే వీలుంది. అయితే కోర్టు జరిమానాలు, భరణం, విద్యా రుణం వంటివి విముక్తి తర్వాత కూడా వెంటే ఉంటాయి.

ఒక ప్రొప్రైటర్‌షిప్ అప్పుకో, స్నేహితుడి ఇంటి రుణానికో హామీ ఇచ్చినవారికి ఇదేదీ వర్తించదు. హామీ ఇచ్చింది కంపెనీకా, మనిషికా అన్నదే ఇక్కడ తేడా.

కాగితం మీద ఉండిపోయిన దారి

మూడో భాగంలో మిగిలినదంతా, అంటే జీతగాళ్లకూ, ప్రొప్రైటర్లకూ, భాగస్వామ్య సంస్థలకూ ఉద్దేశించినది, డెట్ రికవరీ ట్రైబ్యునళ్ల ముందు నడవాలని చట్టం రాసింది. అందులో అత్యంత పేదవారి కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే ప్రక్రియ కూడా ఉంది. వార్షికాదాయం 60 వేలు, ఆస్తుల విలువ 20 వేలు, అర్హమైన అప్పులు 35 వేలు మించకుండా, సొంత ఇల్లు లేకుండా ఉన్నవారి అప్పును రద్దు చేసే పద్ధతి అది. ఆ అంకెలు చూస్తేనే ఎంత ఇరుకైన ద్వారమో తెలుస్తుంది. కూలి పనిచేసుకునే కుటుంబాల్లో కూడా చాలావాటి ఏడాది ఆదాయం ఆ 60 వేలు దాటుతుంది. ఉద్దేశం మంచిదే అయినా, అమలుకు నోచుకోకపోవడంతో ఆ అంకెలను సరిదిద్దే సందర్భమూ రాలేదు.

ఐపీ: 1920 నాటి చట్టంతో నేటి అప్పు

కాబట్టి కంపెనీ సంబంధం లేని సాధారణ వ్యక్తికి నేటికీ మిగిలింది పాత చట్టమే. ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాలకు 1909 నాటి ప్రెసిడెన్సీ టౌన్స్ చట్టం, మిగతా చాలా ప్రాంతాలకు 1920 నాటి ప్రొవిన్షియల్ చట్టం వర్తిస్తాయి. జిల్లా కోర్టులోనో, ప్రభుత్వం అధికారమిచ్చిన సబార్డినేట్ కోర్టులోనో ఇన్సాల్వెన్సీ పిటిషన్ దాఖలు చేయడాన్నే వాడుకలో ఐపీ పెట్టడం అంటున్నాం. అర్హతకు కావలసిన అప్పు 500 రూపాయలు. చట్టం వయసు చెప్పడానికి ఆ అంకె ఒక్కటి చాలు.

పిటిషన్‌ను అప్పుపడ్డవాడే వేయవచ్చు. లేదా అతను అప్పులవాళ్లకు అందకుండా ఆస్తి బదిలీ చేయడం, ఇల్లు విడిచి తప్పించుకు తిరగడం, చెల్లింపులు ఆపేస్తున్నానని నోటీసు ఇవ్వడం వంటి ‘దివాలా చర్యలు’ చేసిన మూడు నెలల్లోగా అప్పులవాడు వేయవచ్చు. కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే అతని ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించే రిసీవరుకో దఖలు పడుతుంది, మామూలు అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావా వేయడానికి వీలుండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి రిసీవరు ముట్టుకోలేడు: కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు నాగళ్లు, ఎడ్లు, విత్తనాలు, రైతు ఇల్లు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు. మెడలోని మంగళసూత్రం అప్పుల పంపకంలోకి రాదన్నమాట.

ఐపీ మీద ఉన్న అపోహల్లో మొదటిది, అది పెడితే బ్యాంకు తాకట్టు కూడా ఆగిపోతుందన్నది. ఆగదు. తాకట్టు పెట్టించుకున్న రుణదాత తన హక్కును వాడుకునే అధికారాన్ని ఈ చట్టం తాకదని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇంటి రుణం ఇచ్చిన బ్యాంకు తన దారిన తాను వేలం వేసుకోగలదు. రెండోది, ఐపీకి ముందు ఆస్తిని బావమరిది పేరునో, భార్య పేరునో రాసేస్తే సరిపోతుందన్నది. ప్రతిఫలం లేకుండా, లేదా సద్భావం లేకుండా జరిగిన రెండేళ్ల లోపు బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. పిటిషన్‌కు మూడు నెలల ముందు ఒక అప్పులవాడికి మాత్రమే పక్షపాతంగా చెల్లించినదీ చెల్లదు. లెక్కలు దాచినా, ఆస్తి మాయం చేసినా జైలుశిక్ష కూడా ఉంది. మూడోది భయానికి సంబంధించినది: అప్పు కట్టలేకపోతే జైలే అన్నది. డిక్రీ అమలులో సివిల్ జైలు నిబంధన ఉన్నమాట నిజమే. కానీ కేవలం పేదరికంతో కట్టలేకపోయినవాడిని నిర్బంధించడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమనీ, కట్టగలిగీ దురుద్దేశంతో ఎగవేశాడని తేలాలనీ 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు నాలుగు దశాబ్దాలుగా నిలిచే ఉంది.

పాత చట్టం ఆలోచనావిధానం అసలు బయటపడేది విముక్తి దగ్గర. ఐబీసీ కంపెనీ వైఫల్యాన్ని వ్యాపారంలో జరిగే ఒక సంఘటనగా చూస్తుంది. 1920 చట్టం మనిషి వైఫల్యాన్ని ముందు అనుమానంతో చూసి, ఆ తర్వాత క్షమిస్తుంది. దివాలాదారు ఆస్తి విలువ అతని తాకట్టులేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలకు, అంటే సగానికి తగ్గితే, అది తన తప్పు వల్ల కాదని అతనే కోర్టును నమ్మించాలి; లేకపోతే 42వ సెక్షన్ ప్రకారం సంపూర్ణ విముక్తి దొరకదు. ఖాతా పుస్తకాలు సరిగా రాయకపోయినా, మునిగిపోతున్నానని తెలిసీ వ్యాపారం సాగించినా, దుబారా వల్లో, జూదం వల్లో అప్పుపడినా అంతే. విముక్తి పొందేదాకా పార్లమెంటుకు గానీ, శాసనసభకు గానీ పోటీ చేసే అర్హతను రాజ్యాంగంలోని 102, 191 అధికరణలు తీసేస్తాయి. విముక్తి వచ్చినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భరణం బాకీలు పోవు. పిటిషనర్‌తో పాటు సంతకం చేసిన షూరిటీకీ, భాగస్వామికీ కూడా ఆ ఉత్తర్వు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఆచరణలో అత్యధికంగా నష్టం చేసే నిబంధన మరొకటి. దివాలాదారుగా ప్రకటించే ఉత్తర్వులోనే, విముక్తి కోసం ఎంతకాలంలోగా దరఖాస్తు చేయాలో కోర్టు గడువు రాస్తుంది. ప్రకటన రాగానే పని అయిపోయిందనుకుని, వకీలు ఫీజు కూడా భారమై, కోర్టు వైపు మళ్లీ చూడనివారు ఉంటారు. గడువులోగా దరఖాస్తు రాకపోతే 43వ సెక్షన్ కింద దివాలా ప్రకటన రద్దవుతుంది. అప్పటిదాకా నిలిచిపోయిన దావాలు, ఈపీలు, అంటే డిక్రీ అమలు కోసం వేసిన పిటిషన్లు, మళ్లీ కదులుతాయి.